ఘుమఘుమలాడితే శుభ్రమైనట్టేనా?

ఈ నెల తెచ్చుకున్న సరుకుల సంచీ ఓసారి బోర్లించి చూడండి. నేల తుడిచే ద్రవం లావెండర్. బట్టలు ఉతికాక ఆఖరి నీళ్లలో వేసేది లావెండర్. బాత్రూంలో వేలాడదీసే బిళ్ల లావెండర్. గదిలో కొట్టుకునే స్ప్రే, చేతులు కడుక్కునే సబ్బు, ఆఖరికి అగరొత్తుల పెట్టె కూడా లావెండరే! మల్లె, సంపెంగ, మొగలి, పొన్న పూసే నేల మనది. లావెండర్ పువ్వుని చెట్టున చూసినవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? అయినా 'శుభ్రం' అనగానే ఊదారంగు సీసా కళ్ల ముందు మెదిలేంతగా అది మన ఇళ్లలో పాతుకుపోయింది.

లావెండర్ మీద నాకేం కోపం లేదు. మంచి లావెండర్ నూనె వాసన నాకిష్టం కూడా. పొదుపుగా, తెలివిగా వాడుకుంటే ఇంట్లో దానికి తగిన చోటుంది. అదెక్కడో కూడా ఈ వారం చెబుతాను. నా అభ్యంతరమల్లా ఒకటే. పరిమళాన్ని శుభ్రత పేరుతో అమ్ముతున్నారు. మనం కొంటున్నాం. సీసా ఖాళీ అవుతోంది, మురికి ఉన్నచోటే ఉంటోంది. ఆపైన, ఇల్లు వాసనొస్తే ఆ సిగ్గు మాత్రం ఇల్లాలి నెత్తినే పడుతోంది.

మొన్నామధ్య ఒక పెళ్లికి వెళ్లాను. కల్యాణమంటపం బయట అద్దంలా మెరుస్తోంది. ఆడవాళ్ల బాత్రూం తలుపు తీయగానే గుప్పున లావెండర్ వాసన. లోపల నేలమీద మడమ మునిగేటన్ని నీళ్లు, చెత్తబుట్ట పొంగిపొర్లుతోంది, కుళాయి దగ్గర సబ్బుముక్క లేదు. గోడకి మాత్రం పావుగంటకోసారి దానంతటదే పరిమళం చిమ్మే డబ్బా ఒకటి బిగించి ఉంది. 'పైన పటారం, లోన లొటారం' అని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా! మనిషిని పెట్టి కడిగించడానికి ఖర్చవుతుంది. డబ్బా బిగించడం తేలిక. అక్కడ జరిగింది అదే.

ముందు ఉతుకు, తరవాత పరిమళం

అసలీ పువ్వు కథేమిటో చూద్దాం. లావెండర్ మధ్యధరా సముద్ర తీరాల మొక్క. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతం దీనికి పెట్టింది పేరు. ఎండాకాలంలో అక్కడి కొండ పొలాలు ఊదారంగు తివాచీ పరిచినట్టుంటాయి. బల్గేరియాలో కూడా పెద్ద ఎత్తున పండిస్తారు. 'లావెండర్' అనే పేరు లాటిన్‌లో కడగడం అనే అర్థమున్న 'లవారే' నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. కాదు, నీలిరంగుని చెప్పే మాట నుంచి వచ్చిందనే వాళ్లూ ఉన్నారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ దేశాల్లో బట్టలుతికే ఆడవాళ్లకీ ఈ మొక్కకీ పాత స్నేహం. ఉతికిన దుప్పట్లని లావెండర్ పొదల మీద ఆరేసేవారు. ఎండిన పూలని చిన్న సంచుల్లో కట్టి, మడతపెట్టిన బట్టల మధ్య పెట్టేవారు.

ఇక్కడ వరస గమనించారా? ముందు బట్ట ఉతికేవారు. మురికి పోయేదాకా బాదేవారు, పిండేవారు. ఆ తరవాతే లావెండర్. మురికి బట్ట మీద పూలు చల్లి 'ఉతికేశాం' అని ఎవరూ అనుకోలేదు. ఈనాటి ప్రకటనలు ఆ వరసనే తారుమారు చేశాయి.

ఇంకో సంగతి. లావెండర్లో రకాలున్నాయి. అసలు లావెండర్ చలి ప్రాంతాల్లో, ఎత్తు మీద పెరుగుతుంది. నూనె తక్కువ, ఖరీదెక్కువ. దానికీ మరో జాతికీ పుట్టిన సంకర మొక్క లావెండిన్. ఇది నూనె ఎక్కువిస్తుంది, వాసనలో కాస్త కర్పూరం ఘాటు ఉంటుంది. సబ్బులకీ, శుభ్రపరిచే సరుకులకీ పూల నూనె వాడితే సాధారణంగా ఈ లావెండినే వాడతారు. ఇక చవకరకం ఫినాయిల్లో, స్ప్రేలో ఉండేది చాలావరకు ఈ రెండూ కావు. లావెండర్ వాసనకి ముఖ్య కారణమైన లినలూల్ వంటి పదార్థాలని ఫ్యాక్టరీలో తయారుచేసి కలుపుతారు. సీసా వెనక చిన్న అక్షరాలు చదివితే 'పెర్‌ఫ్యూమ్' అనో 'ఫ్రాగ్రెన్స్' అనో ఉంటుంది. ముందువైపు పూలబొమ్మ, వెనకవైపు ఈ మాట! ఫ్యాక్టరీలో చేసినంత మాత్రాన అది విషమని నేననను. పువ్వు నుంచి వచ్చినంత మాత్రాన అమృతమనీ అనను. మనం దేనికి డబ్బిస్తున్నామో తెలిసి ఇవ్వాలి, అంతే.

మన దేశంలోనూ లావెండర్ పండుతోంది. జమ్మూ ప్రాంతంలోని దోడా జిల్లా భదర్వాలో మొక్కజొన్న వేసుకునే చిన్న రైతులు ఈ పంటకి మళ్లారు. సీఎస్ఐఆర్ అరోమా మిషన్ కింద జమ్మూలోని పరిశోధన సంస్థ వాళ్లకి మొక్కలిచ్చింది, ఆవిరి పట్టి నూనె తీసే బట్టీలు పెట్టించింది. 2022లో భదర్వాలో మొదటి లావెండర్ పండగ చేశారు. 2024 గణతంత్ర దినోత్సవ కవాతులో ఢిల్లీలో ఈ పంట మీద ఓ శకటమే నడిచింది. అసలైన పువ్వు కావాలనుకునే వాళ్లు ఫ్రాన్స్ దాకా చూడక్కర్లేదన్నమాట. అయితే ఆ మొక్క మన పెరట్లో పెంచుదామంటే మాత్రం కష్టమే. దానికి చలి కావాలి, నీరు నిలవని నేల కావాలి. విజయవాడ ఉక్కకీ, మన వానాకాలం చెమ్మకీ అది తట్టుకోదు. నర్సరీ వాళ్లు ఆశపెట్టారని వందలు పోయకండి.

సబ్బు చేసేది వేరు, వాసన చేసేది వేరు

మురికి అంటే ఏమిటి? జిడ్డు, దుమ్ము, చెమట, అన్నం మెతుకులు, వాటిమీద పెరిగే సూక్ష్మజీవులు. సబ్బు రేణువుకి రెండు కొసలుంటాయి. ఒక కొస జిడ్డుని పట్టుకుంటుంది, రెండో కొస నీళ్లని పట్టుకుంటుంది. అందుకే నీళ్లతో పాటు జిడ్డు కొట్టుకుపోతుంది. రుద్దడం, కడగడం, ఆరబెట్టడం... శుభ్రమంటే ఈ మూడే. మన అమ్మమ్మల కాలంలో కుంకుడుకాయా, శీకాయా, బూడిదా, చింతపండూ చేసిన పనీ ఈ కోవలోదే. వాటికి ఘుమఘుమలు లేవు. అయినా ఇత్తడి బిందె తళతళలాడేది.

పరిమళం ఈ మూడింట్లో ఏదీ చేయదు. మురికి వాసన కంటే ముందు తాను ముక్కుకి చేరుతుంది, అంతే దాని గొప్ప. లావెండర్ నూనె కొన్ని సూక్ష్మజీవుల్ని అదుపు చేస్తుందని ప్రయోగశాలల్లో తేలిన మాట నిజమే. కానీ అక్కడ చిక్కటి నూనె గాజుపళ్లెంలో వేసి చూస్తారు. బక్కెట్ నీళ్లలో మనం వేసే నాలుగు చుక్కలకి ఆ శక్తి ఉంటుందనుకోవడం అత్యాశ. ఇంట్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు, పసిపిల్లలో ముసలివాళ్లో మంచాన ఉన్నప్పుడు లావెండర్‌ని నమ్ముకుని కూచోకూడదు. సబ్బుతో కడిగి, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం క్రిమిసంహారిణి వాడి, అది చెప్పినంతసేపూ ఉంచాలి.

మన ముక్కు సంగతి కూడా తెలుసుకోవాలి. ఏ వాసనైనా కొన్ని నిమిషాలయ్యేసరికి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. కొట్టిన స్ప్రే మనకి తెలియడం మానేస్తుంది. 'అయ్యో, పోయిందే!' అని మళ్లీ కొడతాం. బయటినుంచి వచ్చినవాళ్లకి మాత్రం ఊపిరాడదు. పొద్దున్నించీ తలనొప్పి అనే ఇల్లాళ్లలో కొందరు, తలుపులన్నీ బిగించుకుని ఏసీ వేసుకుని, నాలుగు రకాల పరిమళాలు కలిసిన గాలి పీలుస్తుంటారు. ఆస్తమా ఉన్నవాళ్లకైతే ఇవి ఆయాసాన్ని తెప్పించగలవు కూడా.

కంపు కూడా కబురే

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. ఇంట్లో చెడువాసన వస్తోందంటే ఇల్లు మనతో ఏదో చెబుతోందన్నమాట. వినకుండా దాని నోరు నొక్కేస్తే ఎలా?

సింకు దగ్గర కుళ్లు వాసన వస్తే గొట్టం వంపులో జిడ్డు పేరుకుని ఉంటుంది. వాడకం తక్కువున్న బాత్రూంలో మురుక్కాలువ కంపు కొడితే, జాలీ కింద నిలవాల్సిన నీళ్లు ఎండిపోయి, పైపులోని గాలి పైకొస్తోందని అర్థం. రెండు చెంబుల నీళ్లు పోస్తే ఆగిపోయే కంపు అది! దానికోసం వాసన బిళ్లలు కొనేవాళ్లని చూశాను. బీరువాలో ముక్కిన వాసనొస్తే వెనక గోడలో చెమ్మ దిగుతోందేమో చూడాలి. పైప్ కారుతోందో, పై అంతస్తు బాత్రూం లీకవుతోందో. దుప్పటి మీద స్ప్రే కొడితే గోడ ఆరదు. పసివాడి పక్క అదేపనిగా వాసనొస్తుంటే, పెద్దాయన గదిలో మూత్రం కంపు కొత్తగా మొదలైతే, అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి కావచ్చు.

ఇక వంటగ్యాస్. గ్యాస్‌కి దానంతటదానికి పెద్దగా వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలనే ఈథైల్ మెర్‌కాప్టన్ అనే కుళ్లు కంపు పదార్థాన్ని కావాలని కలుపుతారు. ఆ కంపు మన ప్రాణాలు కాపాడే కాపలాదారు. వంటింట్లో రోజంతా ఘాటు పరిమళం చిమ్మే యంత్రం పెట్టుకుంటే ఆ కాపలాదారు అరుపు మనకి వినపడకపోవచ్చు. పైగా స్ప్రే డబ్బాలో ఉండే వాయువు చాలావరకు మండేదే. పొయ్యి దగ్గర స్ప్రే కొట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. గ్యాస్ వాసన అనిపిస్తే స్విచ్చి ఏదీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906 నంబరుకి ఫోన్ చేయాలి. ఈ నంబరు వంటింటి గోడ మీద రాసి పెట్టుకోండి.

మరి లావెండర్‌ని ఎక్కడ వాడాలి?

ఇంత చెప్పాక, వద్దనేస్తానేమో అనుకుంటున్నారా? లేదు. అది చేయగలిగిన పనులున్నాయి.

బీరువా: లావెండర్‌కి తరతరాలుగా అచ్చొచ్చిన చోటిది. పాత నూలు ధోవతిలోంచో వాయిల్ చీరలోంచో అరచేతంత ముక్కలు కోసి సంచులు కుట్టుకోండి. గుప్పెడు ఎండుపూలు పోసి మూతి కట్టి బట్టల మధ్య పెట్టండి. నెలకోసారి చేత్తో నలిపితే మళ్లీ వాసనొస్తుంది. ఏడాదికోసారి పూలు మార్చండి. పట్టుచీర మీద నూనె చుక్కలు మాత్రం వేయకండి, మరక పడితే పోదు. ఒక్కమాట గుర్తుంచుకోండి, ఈ వాసన పురుగుల్ని కొంత దూరం పెడుతుందే గానీ, అప్పటికే చీరలో ఉన్న గుడ్లనీ పిల్లపురుగుల్నీ చంపదు. పురుగులు ఎక్కువగా చేరేది చెమటా, తిండి మరకా ఉన్న బట్టలోకి. అందుకే కట్టి విడిచిన పట్టుచీరని గాలికి ఆరేసి, మరకలు పోగొట్టి, తరవాతే దాచాలి.

కలరా ఉండల మాటకొస్తే, పసిపిల్లలున్న ఇంట్లో వాటి జోలికి పోకపోవడమే మంచిది. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకి ఆ ఆవిరి తగిలితే రక్తకణాలు చిట్లిపోయి, కామెర్లు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. బిడ్డకి ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. కలరా ఉండలేసి దాచిన పాత పొత్తిళ్లూ, స్వెటర్లూ తీసి అలాగే బిడ్డకి చుట్టేయకండి. ఆ ఉండల చోట లావెండర్ సంచులు పెట్టుకుంటే మేలే.

నేల: ముందు చీపురు. తరవాత అరబక్కెట్ నీళ్లకి ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. లావెండర్ నూనె ఉంటే ఐదారు చుక్కలు ముందు ఆ లిక్విడ్‌లోనే కలిపి తరవాత నీళ్లలో పోయండి. నూనె ఉత్త నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. చిక్కగా ఉన్న ఆ నూనె నేరుగా చేతికి తగిలితే మంట పుట్టవచ్చు. తుడిచాక ఫ్యాను వేసి ఆరనివ్వండి. ఆరిన నేలకున్న సువాసన ఏ సీసాలోనూ లేదు.

చెత్తబుట్ట: రోజూ ఖాళీ చేసి, వారానికోసారి కడిగి ఎండబెట్టండి. అడుగున కాగితం పరిచి గుప్పెడు వంటసోడా చల్లి, మూడు చుక్కల లావెండర్ వేయండి. సోడా కొన్ని పులిసిన వాసనల్ని నిజంగానే తగ్గిస్తుంది. లావెండర్ దానికి తోడు.

వెనిగర్ వంటకం: వెనిగర్‌లో వంటసోడా, లావెండర్ కలిపి సీసాలో పోసుకుంటే దేన్నయినా కడిగేస్తుందని ఫోన్లో తెగ తిరుగుతోంది. ఆమ్లమూ క్షారమూ కలిస్తే బుసబుసా పొంగి, ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్లే! వెనిగర్ విడిగా వాడితే కుళాయిల మీది తెల్లటి ఉప్పు చారలు పోతాయి. సోడా విడిగా వాడితే జిడ్డు వదులుతుంది. అయితే కడప బండలు, తాండూరు, షాబాదు, బేతంచెర్ల రాళ్లు, పాలరాయి... వీటిమీద వెనిగర్, నిమ్మరసం, యాసిడ్ ఏదీ పోయకండి. ఇవన్నీ సున్నపురాతి జాతి. ఆమ్లం తగిలిన చోట మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. వంటగట్టు మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే పడే మచ్చ చాలామందికి అనుభవమే కదూ!

సీసా: ముదురు గోధుమరంగు గాజుసీసాలో, మూత బిగించి, చల్లటి చోట పెట్టాలి. గాలి తగిలి పాతబడ్డ లావెండర్ నూనెలో చర్మానికి పడని పదార్థాలు తయారవుతాయి. ఏళ్లనాటి సీసా తీసి వాడకండి. పిల్లి ఉన్న ఇంట్లో ఈ నూనెలు వద్దు, వాటిని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు.

పిల్లలు, పాత సీసాలు

ఈ మాట విడిగా చెప్పాలి. లావెండర్ అయినా, నీలగిరి తైలమైనా, కర్పూరమైనా, ఫినాయిల్ అయినా, 'మంచి వాసన' ఉన్న ప్రతిదీ పసివాడి కంటికి తాగేదిగానే, తినేదిగానే కనిపిస్తుంది. కర్పూరం మింగితే పిల్లలకి ఫిట్స్ రాగలవు. నీలగిరి తైలం కొద్దిగా మింగినా ప్రమాదమే. ఫినాయిల్ చవగ్గా వస్తోందని లీటర్ల లెక్కన కొని, కూల్‌డ్రింకు సీసాలో పోసి సింకు కింద పెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఊదారంగులో, పూల వాసనతో, కూల్‌డ్రింకు సీసాలో! పిల్లవాడు ఎత్తి తాగాడంటే తప్పు వాడిదా? దాని సీసాలోనే, దాని చీటీతోనే, పై అరలో ఉంచండి. ఒకవేళ మింగితే వేలు పెట్టి కక్కించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం. సీసా చేతబట్టుకుని నేరుగా ఆస్పత్రికి పరుగెత్తండి.

అలాగే యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. ఒకటి పోసిన చోట రెండోది పోసినా ప్రమాదమే. క్లోరిన్ వాయువు పుట్టి, చిన్న బాత్రూంలో ఊపిరి బిగిసిపోతుంది. 'రెండూ కలిపితే ఇంకా తెల్లగా వస్తుంది' అని పనికొచ్చే అమ్మాయికి పురమాయించే ముందు, ఆ తలుపు వెనక పీల్చేది ఎవరో ఒక్కసారి తలచుకోండి.

మన వాసనలు మనకున్నాయి

మా చిన్నతనంలో వేసవి వచ్చిందంటే కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. ఆ చల్లగాలిలోని మట్టివాసనకి సాటి ఏముంది! ఇప్పుడైనా గుప్పెడు వట్టివేళ్లు చీరల మధ్య పెట్టుకోవచ్చు. మరువం, దవనం నీడన ఎండబెట్టి సంచిలో కట్టుకోవచ్చు. బియ్యం డబ్బాలో వేపాకు వేసుకున్నట్టే ఇవీ. నిమ్మగడ్డి మన నేలమీద చక్కగా పెరుగుతుంది. లావెండర్ ఖరీదుతో పోలిస్తే ఇవి పచారీ కొట్టు ధరలు.

అలాగని 'మనది' అన్న ప్రతిదీ మంచిదనీ అనను. సాంబ్రాణి పొగైనా, అగరొత్తి పొగైనా పొగే. కిటికీలు మూసి, పసిబిడ్డ పక్కన గంటలకొద్దీ వేయడం మంచిది కాదు. విదేశీ పువ్వుకి ఒక న్యాయం, స్వదేశీ పొగకి ఒక న్యాయం ఉండకూడదు కదా.

ఎవరి ముక్కు కోసం?

చివరిగా అసలు సంగతికి వస్తాను. 'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్నారు. ఆ సామెతలో ఇంటాయన ఎక్కడా లేడు! టీవీ ప్రకటనలు ఆ సామెతనే రంగుల్లో తీసి చూపిస్తున్నాయి. అత్తగారో, పక్కింటావిడో గుమ్మంలో అడుగుపెట్టి ముక్కు చిట్లిస్తుంది. కోడలి మొహం మాడిపోతుంది. సీసా రాగానే అందరి మొహాలూ విప్పారతాయి. ఆ అరనిమిషంలో వాళ్లు అమ్మేది పూలవాసన కాదు, మన సిగ్గు. మన సిగ్గు చూపించి మనకే సరుకు అంటగడుతున్నారు.

కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిమీద రోజుకి 299 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, మగవాళ్లు 97 నిమిషాలనీ తేలింది. 2024 సర్వేలో ఆ లెక్క 289, 88 నిమిషాలు. అదీ ఇంటిపని చేసే మగవాళ్ల లెక్క. అసలు చీపురే పట్టని వాళ్లు ఇందులోకి రారు. ఐదేళ్లలో మన పని పది నిమిషాలు తగ్గింది, వాళ్లదీ తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఇంతోటి దానికి ఏ లావెండరూ పరిష్కారం చూపదు. ఇంటిల్లిపాదీ వాడే బాత్రూంని ఇంటిల్లిపాదీ వంతులేసుకుని కడిగితే చూపుతుంది. స్నానం చేసి బయటికొచ్చేవాళ్లు ఎవరైనా సరే, నీళ్లు జాలీ వైపు తోసి, తలుపు తెరిచి రావాలని నియమం పెట్టండి. సగం కంపు అక్కడే పోతుంది. పదేళ్ల కొడుక్కి ఆ పని నేర్పితే, రేపు వాడి పెళ్లాం మిమ్మల్ని తలుచుకుంటుంది.

ఇంటిపనికొచ్చే ఆవిడ చేతులు ఎప్పుడైనా చూశారా? నాకు తెలిసిన ఒకావిడ నాలుగిళ్లలో చేస్తుంది. వేళ్ల సందులు పగిలిపోయి, అన్నం కలుపుకుంటే కారం మండుతుందని చెప్పింది. "అందరిళ్లలోనూ మంచి వాసనేనమ్మా, నా చేతులకే ఈ గతి" అంది. నెలకి స్ప్రే మీద పెట్టే డబ్బుతో ఒక జత రబ్బరు తొడుగులు కొనివ్వలేమా? యాసిడ్ మానేసి, సబ్బూ బ్రష్షూ ఇవ్వలేమా? బకెట్‌లో ఫినాయిల్ ఎంత పోయాలో మనం చదివి చెప్పలేమా? మన ఇల్లు ఘుమఘుమలాడడానికి ఇంకొకరి చేతులు పగలకూడదు.

కాబట్టి ఈ నెల సరుకుల చీటీ రాసేటప్పుడు ఊదారంగు సీసాలు నాలుగున్న చోట ఒకటి రాయండి. కొట్టేసిన చోట రెండు వస్తువులు చేర్చండి: ఒక గట్టి బ్రష్షు, రెండు జతల తొడుగులు. ఒక జత పనికొచ్చే ఆవిడకి, రెండో జత ఇంట్లో ఎవరి వంతొస్తే వాళ్లకి. పొద్దున్నే లేవగానే కిటికీలు బార్లా తెరవండి. ఇల్లు కడగండి, ఆరనివ్వండి. ఆ తరవాత మీకిష్టమైతే, మీకోసం, రెండు చుక్కల లావెండర్ వేసుకోండి. ఎవరో వచ్చి ముక్కు చిట్లిస్తారన్న భయంతో మాత్రం వద్దు. ఏమంటారు?